ప్రభుత్వోద్యోగి కోర్టుకి ఎప్పుడు వెళ్ళవచ్చు? – కొంచెం చరిత్ర

ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన వాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మొదట డి.ఏ. గురించి మాట్లాడుకుంటారు. తర్వాత వచ్చే మాట "ఫలానా ఆయన కోర్టుకి వెళ్ళాడట" అని. గెలిచాడనో ఓడాడనో చెప్తారు గానీ, ఎందుకు గెలిచాడో ఎందుకు ఓడాడో ఎవరూ చెప్పరు. న్యాయం తనవైపు ఉంది కాబట్టి గెలిచాడని కొందరంటారు. మంచి లాయరు దొరికాడని కొందరంటారు. ఎక్కువమంది మాత్రం టైము బాగుందని తేల్చేస్తారు.

నేను లాయర్ని కాను. బీకాం చదివి, రక్షణశాఖ లెక్కల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి. కోర్టు ఉత్తర్వుల మీద చెల్లించాల్సిన ఎరియర్స్ బిల్లులు నా టేబుల్ మీదకి వస్తుండేవి. బిల్లు పాస్ చేయాలంటే దానికి జతచేసిన తీర్పు చదవాలి. అలా తీర్పులు చదవడం అలవాటయింది. చదివిన కొద్దీ నాకర్థమైంది ఏమిటంటే, ఇందులో టైము బాగుండటం, బాగుండకపోవటం అంటూ ఏమీ లేదు. ప్రభుత్వోద్యోగి కోర్టు గుమ్మం ఎక్కడానికి కొన్ని షరతులున్నాయి. అవి ఆకాశంలోంచి ఊడిపడినవి కావు. ఒక్కొక్క షరతు వెనకా ఒక మనిషి ఉన్నాడు, వాడు వేసిన కేసు ఉంది. ఆ కథ తెలిస్తే ఈనాటి నిబంధన దానంతటదే అర్థమవుతుంది.

దొరవారి ఇష్టం

ఇంగ్లండులో పాత సూత్రం ఒకటుంది. రాజుగారి కొలువులో ఉన్నవాడు రాజుగారికి ఇష్టమైనన్నాళ్ళే కొలువులో ఉంటాడు. ఇష్టం లేకపోతే వెళ్ళిపోవాలి. ఎందుకని అడగడానికి వీల్లేదు. ఈ సూత్రాన్ని కంపెనీ దొరలు మన దేశానికి తెచ్చారు. 1858లో కంపెనీ పాలన పోయి రాణీగారి పాలన వచ్చినా సూత్రం మాత్రం మారలేదు.

1919 నాటి భారత ప్రభుత్వ చట్టంలో 96-బి అనే సెక్షన్ పెట్టారు. ఇందులో మూడు ముక్కలున్నాయి. ఒకటి, ఉద్యోగి చక్రవర్తిగారి ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటాడు. రెండు, అది చట్టానికీ దాని కింద చేసిన రూల్సుకీ లోబడి ఉంటుంది. మూడు, ఉద్యోగిని నియమించిన అధికారికన్నా కింది అధికారి అతన్ని డిస్మిస్ చేయకూడదు. చూడటానికి బాగానే ఉంది. ఇష్టం అంటూనే దానికి రూల్సు అనే కంచె వేశారు. మరి ఆ కంచెను ప్రభుత్వమే దాటితే ఉద్యోగి కోర్టుకి వెళ్ళవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు మన మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళిన రెండు కేసుల్లో వచ్చింది. రెండింటి మీదా 1936లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. రెండు తీర్పులూ రాసినవాడు లార్డ్ రోష్.

మొదటిది వెంకటరావు కేసు. ఆయన మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరు, అంటే ప్రూఫులు చూసే ఉద్యోగి. పరీక్ష పేపరు బయటికి పొక్కిన వ్యవహారంలో ఆయన మీద అనుమానం వచ్చింది, డిస్మిస్ చేశారు. రూల్సు ప్రకారం జరగాల్సిన విచారణ జరగలేదని ఆయన దావా వేశాడు. ప్రీవీ కౌన్సిల్ ఏమన్నదో చూడండి. ముఖ్యమైన రూల్సు పాటించలేదన్నది నిజమే, పొరపాట్లు జరిగాయి, ఆయనకు అన్యాయం జరిగింది, దాన్ని సరిదిద్దాలి కూడా. కానీ సరిదిద్దే పని కోర్టుది కాదు! రూల్సు ప్రభుత్వం తన అధికారుల కోసం రాసుకున్నవి. వాటిని మీరితే పై అధికారికి, గవర్నరుకి, చివరికి సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి మొర పెట్టుకోవాలి. దావా చెల్లదు.

రెండోది రంగాచారి కేసు. ఆయన పోలీసు సబిన్‌స్పెక్టరు. ఆయన్ని తీసేసినవాడు నియమించిన అధికారికన్నా కిందివాడు. ఇక్కడ అదే కౌన్సిల్, అదే జడ్జి, ఆ తీసివేత చెల్లదన్నారు. ఎందుకు? కింది అధికారి తీసేయకూడదన్న మాట చట్టంలోనే ఉంది. చట్టంలో ఉన్నదాన్ని కార్యనిర్వాహకులు మీరలేరు. రూల్సులో ఉన్నదాన్ని మీరితే మాత్రం కోర్టు చూస్తూ ఊరుకుంటుంది.

మొట్టమొదటి షరతు ఇక్కడ పుట్టింది. జరిగింది అన్యాయమా కాదా అన్నది రెండో ప్రశ్న. ఏ కాగితంలో రాసి ఉన్న హక్కును భంగపరిచారు అన్నది మొదటి ప్రశ్న. వెంకటరావుకి జరిగింది అన్యాయమని ఒప్పుకుంటూనే కోర్టు ఆయన్ని ఉత్త చేతులతో ఇంటికి పంపింది.

రాజ్యాంగం తెచ్చిన మార్పు

1935 చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. ఉద్యోగిని డిస్మిస్ చేసేముందు, అలా ఎందుకు చేయకూడదో చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వాలని 240వ సెక్షన్‌లో రాశారు. అప్పటిదాకా రూల్సులో ఉన్న మాట చట్టంలోకి ఎక్కింది. దీన్ని ఆసరా చేసుకుని ఐ.ఎం. లాల్ అనే ఐ.సి.ఎస్. అధికారి ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళాడు. 1948లో తీర్పు వచ్చింది. అవకాశం ఇవ్వలేదు కాబట్టి డిస్మిసల్ చెల్లదు, దావా వేసిన రోజుకి ఆయన ఇంకా సర్వీసులో ఉన్నట్టే అన్నారు. జీతం బకాయిలు మాత్రం అడగడానికి వీల్లేదన్నారు. జీతం రాజుగారి దయట!

ఉద్యోగం ఉన్నట్టే, జీతం మాత్రం రాదు. లెక్కలు రాసేవాడికి ఇంతకన్నా విచిత్రమైన ఎంట్రీ కనపడదు. 1954లో మన సుప్రీం కోర్టు బీహార్ రాష్ట్రం, అబ్దుల్ మజీద్ కేసులో ఈ విచిత్రానికి ముగింపు పలికింది. అబ్దుల్ మజీద్ కూడా పోలీసు సబిన్‌స్పెక్టరే. చేసిన ఉద్యోగానికి జీతం అడగటం హక్కు, దానికోసం దావా వేయవచ్చు అని కోర్టు చెప్పింది.

ఈలోగా 1950లో రాజ్యాంగం వచ్చింది. రాజుగారు పోయినా ఆయన ఇష్టం మాత్రం పోలేదు. 310వ అధికరణలో రాష్ట్రపతి ఇష్టం, గవర్నరు ఇష్టం అనే పేరుతో అలాగే ఉండిపోయింది. అయితే పక్కనే 311 వచ్చింది. నియమించిన వాడికన్నా కిందివాడు తీసేయరాదు, సంజాయిషీ వినకుండా తీసేయరాదు అన్న రెండు రక్షణలూ ఇప్పుడు రాజ్యాంగంలోనే ఉన్నాయి. అంతకన్నా పెద్ద మార్పు 226వ అధికరణ. బ్రిటిష్ కాలంలో రిట్లు జారీచేసే అధికారం కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టులకే ఉండేది. రాజ్యాంగంతో అది ప్రతి హైకోర్టుకీ వచ్చింది.

ఈ తేదీ ఎంత ముఖ్యమో చెప్పడానికి మహమ్మద్ నూహ్ కేసు ఒక్కటి చాలు. ఆయన ఉత్తరప్రదేశ్ పోలీసు ఉద్యోగి. ఆయన మీద విచారణ జరిపిన అధికారి మధ్యలో తానే సాక్షిగా మారి సాక్ష్యం చెప్పి, మళ్ళీ విచారణాధికారి కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పాడు. ఇది సహజన్యాయానికి విరుద్ధమని సుప్రీం కోర్టు 1957లో స్పష్టంగా చెప్పింది. అయినా నూహ్ ఓడిపోయాడు. కారణం, ఆయన్ని డిస్మిస్ చేసింది 1948లో. అప్పటికి 226వ అధికరణే లేదు. 1950 తర్వాత చేసిన డిస్మిసల్ అయితే ఆయన గెలిచేవాడు.

కోర్టు ఏం చూస్తుంది?

మన ఉద్యోగులు పొరబడేది ఎక్కువగా ఇక్కడే. కోర్టుకి వెళ్తే మొత్తం కేసు మొదట్నుంచి మళ్ళీ విచారిస్తారని, "నేను తప్పు చేయలేదు" అని రుజువు చేసుకోవచ్చని అనుకుంటారు. అది జరగదు.

1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఎస్. శ్రీరామారావు కేసులో సుప్రీం కోర్టు ఈ సంగతి తేల్చింది. శ్రీరామారావు కూడా సబిన్‌స్పెక్టరే. శాఖాపరమైన విచారణలో ఆయన మీద ఆరోపణ రుజువైందని డిస్మిస్ చేశారు. మన హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. సుప్రీం కోర్టు హైకోర్టు తీర్పును కొట్టేసింది. శాఖాధికారుల నిర్ణయం మీద హైకోర్టు అప్పీలు కోర్టు కాదన్నారు. విచారణ చేసినవాడికి ఆ అధికారం ఉందా, రూల్సు పాటించాడా, సహజన్యాయం పాటించాడా, రికార్డులో ఏదైనా సాక్ష్యం ఉందా – ఇంతవరకే చూడాలి. సాక్ష్యం చాలా చాలదా, సాక్షిని నమ్మాలా వద్దా అన్నది కోర్టు పని కాదు.

మరి సాక్ష్యమే లేకపోతే? అదే 1963లో హెచ్.సి. గోయల్ కేసులో దానికి జవాబొచ్చింది. గోయల్ కేంద్ర ప్రజాపనుల శాఖ ఉద్యోగి. పై అధికారికి లంచం ఇవ్వబోయాడని ఆరోపణ. విచారణాధికారి ఆరోపణ రుజువు కాలేదన్నాడు. ప్రభుత్వం ఒప్పుకోక డిస్మిస్ చేసింది. రికార్డులో అనుమానమే తప్ప సాక్ష్యం లేదని, అనుమానం ఎంత బలంగా ఉన్నా సాక్ష్యం కాదని కోర్టు తేల్చింది. గోయల్ గెలిచాడు.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే నా బోటి వాడికి చప్పున అర్థమయ్యే పోలిక ఒకటి తడుతుంది. కోర్టు చేసేది ఆడిట్. ఒక యూనిట్ వాళ్ళు పది బల్లలు కొన్నారనుకోండి. ఆ బల్లలు అందంగా ఉన్నాయా, నేనైతే వేరే రకం కొనేవాణ్ణా అన్నది ఆడిటర్ చూడడు. శాంక్షన్ ఉందా, శాంక్షన్ ఇచ్చినవాడికి ఆ మొత్తం వరకు అధికారం ఉందా, కొటేషన్లు పిలిచారా, వోచరు ఉందా అని చూస్తాడు. వోచరే లేకపోతే అభ్యంతరం రాస్తాడు. కోర్టు కూడా అంతే. అధికారం, పద్ధతి, వోచరు. శ్రీరామారావు కేసులో వోచరు ఉంది, అది మంచిదా కాదా అన్న చర్చ కోర్టు చేయనంది. గోయల్ కేసులో వోచరే లేదు.

పద్ధతి అంటే ఏమిటో కూడా కేసుల వల్లే తేలింది. ఆరోపణ కాదనే అవకాశం, ఎదుటి సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం, తన సాక్షుల్ని తెచ్చుకునే అవకాశం, శిక్ష గురించి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1957లో ఖేమ్‌చంద్ కేసులో చెప్పారు. వీటిలో చివరిదాన్ని, అంటే శిక్ష మీద రెండోసారి సంజాయిషీ అడగడాన్ని, ఎమర్జెన్సీ కాలంలో 1976లో 42వ సవరణ తీసేసింది. దాంతో ప్రభుత్వ శాఖలు ఇంకో అడుగు ముందుకేశాయి. విచారణ నివేదిక కాపీ కూడా ఇవ్వకుండా నేరుగా డిస్మిసల్ ఆర్డరు చేతిలో పెట్టడం మొదలుపెట్టాయి. నివేదికలో ఏముందో తెలియకుండా మనిషి ఏం చెప్పుకుంటాడు?

దీన్ని 1990లో రంజాన్ ఖాన్ కేసు, 1993లో మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.కి సంబంధించిన కరుణాకర్ కేసు సరిచేశాయి. ఇ.సి.ఐ.ఎల్. ఒక ప్రభుత్వరంగ కంపెనీ. దాని ఉద్యోగులకి 311వ అధికరణ వర్తించదు. అయినా అయిదుగురు జడ్జీల ధర్మాసనం అందరికీ కలిపి ఒకే సూత్రం చెప్పింది. శిక్ష వేసేముందు నివేదిక కాపీ ఇచ్చి తీరాలి. అయితే అందులోనూ ఒక మెలిక పెట్టారు. కాపీ ఇవ్వనంత మాత్రాన ఉద్యోగి ఆటోమేటిక్‌గా గెలవడు. కాపీ ఇవ్వకపోవడం వల్ల తనకు ఏం నష్టం జరిగిందో చూపించాలి. "నాకు కాపీ ఇవ్వలేదు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే చాలదు. "ఇచ్చి ఉంటే ఫలానా తప్పు చూపించేవాణ్ణి" అని రాయాలి.

ఏ గుమ్మం ఎక్కాలి?

ఈ విషయంలో మన రాష్ట్రం దేశానికే ప్రయోగశాల అయింది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం రెండింటికీ మూలంలో ఉద్యోగాల గొడవే ఉంది. తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 1973లో 32వ సవరణతో 371-డి అధికరణ పెట్టారు. దాని కింద 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పడింది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు హైకోర్టుకి బదులు ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ అధికరణలో అయిదో క్లాజు చదివితే నవ్వొస్తుంది. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు! కేసులో ప్రతివాది ఎవరు? ప్రభుత్వం. ఓడిపోయినవాడే తీర్పు కొట్టేసుకోవచ్చన్నమాట. 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి కేసులో సుప్రీం కోర్టు ఈ క్లాజును కొట్టేసింది.

కేంద్రంలో 1985లో పరిపాలనా ట్రిబ్యునళ్ళ చట్టం చేశారు. ఆ ఏడాది నవంబరు 1న సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్, మనం క్యాట్ అని పిలిచేది, మొదలైంది. దరఖాస్తు ఫీజు యాభై రూపాయలు. ఉద్యోగి లాయరు లేకుండా తానే వాదించుకోవచ్చు. కానీ హైకోర్టు తలుపు మూసేశారు. క్యాట్‌లో ఓడినవాడు ఢిల్లీ వెళ్ళి సుప్రీం కోర్టులో ప్రత్యేక అనుమతి అడగాలి. గుమాస్తా ఉద్యోగం చేసేవాడికి ఇది అయ్యే పనేనా?

ఈ మూసిన తలుపును మొదట తట్టినవాటిలో మన హైకోర్టు ఒకటి. 1993లో సకినాల హరినాథ్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి, హైకోర్టు అధికారాన్ని ఇలా తీసేయడం రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధమంది. చివరికి 1997 మార్చి 18న ఎల్. చంద్రకుమార్ కేసులో ఏడుగురు జడ్జీలు ఏకగ్రీవంగా అదే మాట చెప్పారు. అప్పట్నుంచి క్రమం ఇది. మొదట ట్రిబ్యునల్. దాని మీద హైకోర్టు డివిజన్ బెంచి. ఆ తర్వాతే సుప్రీం కోర్టు. ట్రిబ్యునల్‌ని దాటవేసి నేరుగా హైకోర్టుకి వెళ్ళడం మాత్రం కుదరదు.

రాష్ట్రోద్యోగుల సంగతి ఈమధ్య మళ్ళీ మొదటికి వచ్చింది. 2016లో తెలంగాణకి, 2020లో ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర ట్రిబ్యునల్ లేకుండా పోయింది. కాబట్టి రెండు రాష్ట్రాల ఉద్యోగులూ ఇప్పుడు నేరుగా తమ హైకోర్టుకే వెళ్తున్నారు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకి హైదరాబాదులో క్యాట్ బెంచి ఉంది.

గుమ్మం బయట ఉండిపోయినవాళ్ళు

311వ అధికరణలోనే మూడు మినహాయింపులున్నాయి. క్రిమినల్ కేసులో శిక్ష పడిన ప్రవర్తన, విచారణ జరపడం సాధ్యంకాని పరిస్థితి, దేశ భద్రత. ఈ మూడింట్లో ఏది ఉన్నా విచారణ లేకుండానే తీసేయవచ్చు. దీని మీద 1985లో వచ్చిన పెద్ద తీర్పు తులసీరామ్ పటేల్ కేసు. ఆయన జబల్పూరులో మిలటరీ ఇంజనీర్ సర్వీసెస్ ఆడిట్ ఆఫీసులో ఆడిటర్, అంటే మా లెక్కల జాతివాడే. ఇంక్రిమెంటు ఆపారన్న కోపంతో పై అధికారిని ఇనుపకడ్డీతో కొట్టాడు. కోర్టులో నేరం రుజువైంది. విచారణ లేకుండా నిర్బంధంగా రిటైర్ చేశారు. చెల్లుతుందన్నారు. ఆయన విషయంలో ఎవరికీ పెద్ద అభ్యంతరం ఉండదు. కానీ అదే తీర్పు కింద, విచారణ సాధ్యం కాదని ఒక్క ముక్క రాసి తీసేసిన చాలామంది రైల్వే ఉద్యోగుల కేసులు కూడా తేలిపోయాయి. అయితే ఎందుకు సాధ్యం కాదో అధికారి కాగితం మీద రాయాలి, కోర్టు ఆ కారణాన్ని పరిశీలించవచ్చు అని కూడా అదే తీర్పు చెప్పింది. మనకి పనికొచ్చే ముక్క అది.

రెండోది మావాళ్ళ సంగతి. 310వ అధికరణలో "రక్షణకు సంబంధించిన పోస్టు" అన్న మాట ఉంది. 311లో ఆ మాట లేదు. ఈ చిన్న తేడా వల్ల, యూనిఫారం లేని సివిలియన్ అయినా, రక్షణ బడ్జెట్‌లోంచి జీతం తీసుకునేవాడికి 311 రక్షణ లేదని 1967లో అజ్వానీ కేసులో, 1971లో ఖురానా కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అజ్వానీ ఎం.ఇ.ఎస్. ఇంజనీరు. ఒకే డిగ్రీ, ఒకే రకమైన భవనాలు కట్టే పని, ఒకడు ప్రజాపనుల శాఖలో, ఇంకొకడు ఎం.ఇ.ఎస్.లో. మొదటివాడికి రాజ్యాంగ రక్షణ ఉంది, రెండోవాడికి లేదు. తేడా అల్లా జీతం ఏ పద్దులోంచి వస్తోంది అన్నదే. పద్దులు రాసుకుంటూ బతికిన నాకే ఇది మింగుడుపడలేదు. అయితే సివిలియన్లకి క్యాట్ గుమ్మం మాత్రం తెరిచే ఉంది.

సైనికులకి చాలాకాలం అదీ లేదు. కోర్ట్ మార్షల్ తీర్పు మీద స్వతంత్రమైన అప్పీలు ఉండాలని 1982లోనే ప్రిథీపాల్ సింగ్ బేడీ కేసులో సుప్రీం కోర్టు గట్టిగా చెప్పింది. సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం 2007లో వచ్చింది, ట్రిబ్యునల్ 2009లో మొదలైంది. దాని తీర్పుల మీద హైకోర్టుకి వెళ్ళరాదని 2015లో అన్నారు. వెళ్ళవచ్చని 2023లో పరశోత్తమ్ దాస్ కేసులో తేల్చారు. దేశం కోసం ప్రాణమిచ్చేవాడికి హైకోర్టు గుమ్మం దగ్గర గుమాస్తాతో సమానమైన చోటు దొరకడానికి రాజ్యాంగం వచ్చాక 73 ఏళ్ళు పట్టింది.

తేదీలే ప్రాణం

ఇక అందరినీ ముంచేది కాలపరిమితి. కేంద్ర ఉద్యోగికి శిక్ష పడితే కాపీ అందిన 45 రోజుల్లో శాఖలోనే అప్పీలు చేసుకోవాలి. శాఖలో ఉన్న మార్గాలు వాడుకోకుండా వస్తే ట్రిబ్యునల్ మామూలుగా కేసు తీసుకోదు. అప్పీలు వేసి ఆరు నెలలైనా జవాబు రాకపోతే, జవాబు రానట్టే లెక్క. అక్కడ్నుంచి ఏడాదిలోపు ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. తుది ఉత్తర్వు వస్తే, అది వచ్చిన రోజునుంచి ఏడాది. ఆలస్యానికి గట్టి కారణం ఉంటే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది గానీ, దాన్ని నమ్ముకోకూడదు.

నాకు తెలిసిన ఒక జూనియర్ ఉండేవాడు. ఆఫీసు పేరు అనవసరం. ప్రమోషన్ లిస్టులో తనకన్నా జూనియర్ పేరు ముందు వచ్చింది. అదే సమయంలో పే ఫిక్సేషన్‌లో కూడా ఒక ఇంక్రిమెంటు తక్కువ వేశారు. రిప్రజెంటేషన్ పెట్టాడు. జవాబు లేదు. మరుసటి ఏడు ఇంకోటి పెట్టాడు. ఇలా పదకొండేళ్ళు! ఒకసారి "ట్రిబ్యునల్‌కి వెళ్ళవయ్యా" అంటే, "ఎందుకు సార్, నాది ఇంకా పెండింగులోనే ఉంది కదా, కాదనలేదు కదా" అన్నాడు. డిస్పాచ్ నంబర్లన్నీ ఒక డైరీలో జాగ్రత్తగా రాసుకునేవాడు. చివరికి వెళ్తే ప్రమోషన్ సంగతి కాలదోషం పట్టిందని కొట్టేశారు. ఇంక్రిమెంటు మాత్రం ఇచ్చారు, మూడేళ్ళ ఎరియర్స్‌తో.

ఆ ఫలితం జడ్జీల ఇష్టం కాదు. 1989లో ఎస్.ఎస్. రాథోడ్ కేసులో ఏడుగురు జడ్జీలు చెప్పిన మాట ప్రకారం, మళ్ళీ మళ్ళీ పెట్టే రిప్రజెంటేషన్లు కాలపరిమితిని పెంచవు. ప్రమోషన్ ఒక రోజున జరిగిపోయిన ఘటన. దాన్ని కదిలిస్తే ఇంకొకరి జీవితం కదులుతుంది. జీతం, పింఛను తక్కువ రావడం అలా కాదు, ప్రతి నెలా కొత్తగా జరిగే తప్పు. కాబట్టి దానికి తలుపు తెరిచే ఉంటుంది. అయితే ఎరియర్స్ మామూలుగా మూడేళ్ళకే అని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పారు. ఆ డైరీలోని మొదటి నంబరు తర్వాత ఏడాదిన్నరకి మావాడి కేసు సగం చచ్చిపోయింది. మిగతా తొమ్మిదిన్నరేళ్ళూ అతను చచ్చినదానికి నంబర్లు వేస్తూ కూర్చున్నాడు.

పింఛను మాట వచ్చింది కాబట్టి ఒక్క మంచి సంగతి కూడా చెప్పాలి. పింఛను దయ కాదు, హక్కు అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో అన్నారు. 1982 డిసెంబరు 17న వచ్చిన నకారా తీర్పు, ఫలానా తేదీకి ముందు రిటైరైనవాళ్ళని వేరే జాతిగా చూడరాదంది. ఆ నకారా ఎవరో తెలుసా? రక్షణ మంత్రిత్వ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి 1972లో రిటైరైన అధికారి. జీవితమంతా ప్రభుత్వం తరఫున లెక్కలు చూసి, రిటైరయ్యాక ప్రభుత్వం లెక్కలోనే తప్పు పట్టాడు. పింఛనుదార్లు ప్రతి ఏటా డిసెంబరు 17ని పింఛనుదార్ల దినంగా జరుపుకోవడం ఆ తీర్పు వల్లే.

చివరిగా

కోర్టుకి వెళ్ళే ముందు ఉద్యోగి తనను తాను అయిదు ప్రశ్నలు అడగాలి. ఆర్డరు వేసినవాడికి ఆ అధికారం ఉందా? రూలు ప్రకారం చేశాడా? నా మాట విన్నాడా? సాక్ష్యం ఏమైనా ఉందా? నేను శాఖలో అప్పీలు చేసి, గడువులోపే ఉన్నానా? ఈ అయిదింట్లో మొదటి నాలుగింటిలో ఏదో ఒకదానికి "లేదు" అని, అయిదోదానికి "ఉన్నాను" అని జవాబొస్తే వెళ్ళవచ్చు. లేకపోతే, ఎంత అన్యాయం జరిగినా, వెళ్ళి లాభం లేదు. ఇది నచ్చినా నచ్చకపోయినా ఉన్న సంగతి ఇదీ.

కానీ నన్ను బాధించే విషయం వేరే ఉంది. ఈ హక్కులన్నీ సంపాదించి పెట్టినవాళ్ళలో ఎక్కువమంది చిన్న ఉద్యోగులు. ప్రూఫు రీడరు, సబిన్‌స్పెక్టర్లు, కంపెనీ ఉద్యోగి. వాళ్ళు కట్టిన ఇంట్లో ఈరోజు కొత్తవాళ్ళకి చోటు తగ్గిపోతోంది. ఏ ఆఫీసుకైనా వెళ్ళి చూడండి, కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కాంట్రాక్టు, ఫైలు తెచ్చేవాడు అవుట్‌సోర్సింగ్, ఊడ్చేవాళ్ళు ఏజెన్సీ. వీళ్ళని రేపట్నుంచి రావద్దంటే, కోర్టులో మొదట ఎదురయ్యే ప్రశ్న "నువ్వసలు ఎవరి ఉద్యోగివి?" అని. 2006లో ఉమాదేవి కేసులో, పద్ధతి ప్రకారం నియామకం కానివాడికి పర్మనెంటు చేయమని అడిగే హక్కు లేదన్నారు. దాన్ని అడ్డం పెట్టుకుని ఏళ్ళ తరబడి పని చేయించుకుని ఇంటికి పంపడం అన్యాయమని 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీం కోర్టే మందలించింది. ఆ కేసు వేసినవాళ్ళు కూడా ఊడ్చేవాళ్ళు, తోటపని చేసేవాళ్ళే.

1936లో వెంకటరావుకి కోర్టు చెప్పినదేమిటి? నీకు అన్యాయం జరిగింది, కానీ మేము చేయగలిగింది లేదు. ఇవాళ పర్మనెంటు ఉద్యోగికి ఆ మాట ఎవరూ చెప్పలేరు. అవుట్‌సోర్సింగ్ కుర్రాడికి రోజూ చెప్తున్నారు. పింఛను తీసుకుంటున్న మనం, మన డి.ఏ. కేసులతో పాటు, మన పాత ఆఫీసుల్లో మన కుర్చీల్లో కూర్చున్న ఆ కుర్రాళ్ళకి ఈ తీర్పులు చదివి చెప్పగలిగితే బాగుంటుంది. వాళ్ళకి కనీసం తేదీలు రాసి పెట్టుకోమని, ప్రతి ఆర్డరుకీ కాపీ అడిగి తీసుకోమని చెప్పండి.